తిట్లు మా దాకా రానివ్వని మనిషి

మా మేనేజరు గారు మొన్న సోమవారం పొద్దున పోయారు. నిద్రలోనే గుండె ఆగిందట. ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద ప్లాట్లు అమ్మే మా ఆఫీసులో వారం మీటింగు మొదలవుతుండగా కబురొచ్చింది. యజమాని ఫోను కింద పెట్టి, "మంచోడు పాపం" అన్నారు. రిజిస్టరు ముందుకు లాక్కుని, "సరే, పోయిన వారం ఎవరెన్ని అమ్మిన్రో చెప్పుండ్రి" అన్నారు. ఆయన లేని ఆ ఆఫీసులో ఇక ఎలా కూర్చోవాలో నాకు తెలియడం లేదు.

భూమి ధర నెలనెలా పెరుగుతున్న రోజుల్లో నేనక్కడ చేరాను. అప్పటికే మావారి ఉద్యోగం పోయింది. గోదావరి జిల్లా నుంచి వచ్చి పడిన మా కాపురానికి నా జీతమే ఆధారం. కొనేవాళ్లకు ఫోన్లు చేయడం మా ఆడవాళ్ల పని. మొదటి రోజు "సార్" అని పిలిస్తే, "సార్ లోపలున్నడు. నన్ను అన్న అను, చాలు" అన్నారు మేనేజరు గారు.

కూర్చున్న చోటి నుంచి కేకేసి పిలవడం ఆయనకు లేదు. పనుంటే మన కుర్చీ దగ్గరికే వచ్చేవారు. తప్పు జరిగితే పక్కకు తీసుకెళ్లి చెప్పేవారు, బాగా చేస్తే అందరి ముందూ మెచ్చుకునేవారు. "తప్పయితే జెప్పుండ్రి, దిద్దుకుందం. దాస్తెనే నాకు భయం" అనేది ఆయన మాట. ఎవరికైనా జ్వరమొస్తే వాళ్ల ఫోన్లు తానే చేసేవారు. అమ్మకాలు తగ్గినప్పుడల్లా యజమాని గదిలోంచి అరుపులు వినిపించేవి. అవి మాకు పడాల్సినవని మాకు తెలుసు. మేనేజరు గారు బయటికొచ్చి, మొహం కడుక్కుని, "చాయ్ తాగిండ్రా?" అని అడిగేవారు.

ఈ ఎండాకాలం మొదట్లో ఒకాయన ఫోనులో, లేఅవుటుకు అనుమతి వచ్చిందా అని సూటిగా అడిగాడు. ఇంకా రాలేదన్నాను. ఆ బేరం పోయింది. నన్ను ఆ రోజే పంపెయ్యమన్నారు యజమాని.

"నిజం చెప్పుమన్నది నేనే సార్. పంపేదుంటె నన్ను పంపుండ్రి" అన్నారు మేనేజరు గారు.

మర్నాడు ఆయన బల్ల బయట రేకుల కింద ఉంది. ఆయన గదిలో వేరే మనిషి. నేను ఏడుస్తూ వెళితే, "నీ నౌకరి ఉన్నది గద. ఫికర్ చెయ్యకు, పోయి పని చూస్కో" అన్నారు. ఎండాకాలమంతా ఆ వేడిలోనే కూర్చున్నారు. మాకు మాత్రం ఆయనే మేనేజరు.

మీటింగు అవగానే ముగ్గురు ఆడవాళ్లం ఆఫీసులో చెప్పకుండా మంచాల ఊరికి బస్సెక్కాం. ఆయన ఇల్లు అక్కడే. వాకిట్లో పడుకోబెట్టారు. ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"మీ అన్న ఆఫీసుల మాట్లాడ్తుండెనా?" అని అడిగింది.

"ఏం వదినా, అలా అడుగుతున్నారు?"

"ఇంటికొస్తె మాటే లేకుండె. బువ్వ కలుపుకొని అట్లనే కూసుంటుండె. ఏమైందంటె, ఏం లేదంటుండె. మీతోనన్న మంచిగ మాట్లాడిండా?"

మాట్లాడేవారు, నవ్వించేవారు. ఆ మాట ఈ మనిషితో ఎలా అనను? ఆమెకు దక్కాల్సింది మేం వాడేసుకున్నామని చెప్పినట్టే కదా.

"మాట్లాడేవారు వదినా" అన్నాను చివరికి. ఆమె తల ఊపింది.

అంతలో నా సంచిలో ఫోను మోగింది. ఆఫీసు నుంచి. ఆపేశాను. పక్కనున్నామెది మోగింది. ఆ తర్వాత మూడో ఆమెది.

"పోండ్రమ్మా. లేటయితె మల్ల మిమ్ముల తిడ్తరు" అంది వదిన, నా చెయ్యి మాత్రం వదలకుండా.