సగం చంద్రుడికి గొడుగు

నాచారం పారిశ్రామికవాడకు పోయే రోడ్డు మీద, టైర్ల దుకాణానికీ మందుల షాపుకీ మధ్య హెన్రీ ఫొటో స్టూడియో ఉంది. కింద స్టూడియో, మధ్య అంతస్తులో హెన్రీ కాపురం, పైన డాబాను ఆనుకుని ఒక రేకుల గది. ఆ గదిలో జెన్నిఫర్, ఆమె తల్లి ఎలిజబెత్ ఉంటారు. హెన్రీ ఎలిజబెత్ అక్క కొడుకు.

జెన్నిఫర్ పదో తరగతిలో ఉండగా ఎలిజబెత్ నడుముకు ఆపరేషన్ అయింది. తండ్రి అప్పటికే లేడు. తల్లి పనిచేసే ఇళ్లు చేజారిపోకుండా నాలుగు నెలలు కూతురే వెళ్లి అంట్లు తోమింది. ఆ నాలుగు నెలల్లోనే పరీక్షలు వచ్చాయి, పోయాయి. మళ్లీ బడికి పోతానని ఆమె అడగలేదు. పొమ్మని ఎవరూ అనలేదు. చివరికి హెన్రీయే వచ్చి, "చిన్నమ్మా, పోరిని నా షాపుకు తోలియ్యి. నీడపట్టున కూసుంటది, పని నేర్సుకుంటది. పైన రూము ఖాళీనే ఉన్నది, మీరు ఆడ ఉండున్రి" అన్నాడు. ఆ రోజు ఎలిజబెత్ అతని రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది.

అది ఏడేళ్ల కిందటి మాట. జెన్నిఫర్ పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరించడంతో మొదలుపెట్టి, పెళ్లిళ్లలో లైటు పట్టుకుని, ఆ తర్వాత కెమెరా కూడా పట్టుకుంది. మాట మాత్రం పెరగలేదు. రోజంతా కలిపి ఆమె నోటి నుంచి వచ్చేవి రెండే: "గడ్డం జర కిందికి", "కండ్లు ఆర్పకున్రి." కొత్తగా వచ్చినవాళ్లు మూగపిల్ల అనుకునేవారు. కానీ ఎవరి ఎడమ కన్ను చిన్నదో, ఏ పెళ్లికొడుకు అక్షింతలు పడేటప్పుడు ముఖం పక్కకు తిప్పుతాడో ఆమెకు ముందే తెలిసిపోయేది.

మూడేళ్ల కింద హెన్రీ ఒక పొడుగు లెన్సు తెచ్చాడు. ఉప్పల్ స్టేడియంలో క్రికెట్ ఫొటోలు తీసీ తీసీ మోకాళ్లు అరిగిపోయిన ఒక పెద్దమనిషి అమ్మేసిన లెన్సు అది. చంటిపిల్లంత బరువు. హెన్రీ దానికి 'తోపు' అని పేరు పెట్టాడు. తెచ్చాక తెలిసింది, దానితో తలంబ్రాల ఫొటో తియ్యాలంటే పక్క వీధిలో నిలబడాలని. తోపు బీరువాలోకి చేరింది.

"బూజు పడ్తది చెల్లె. అప్పుడప్పుడు బయటికి దీసి వాడు" అన్నాడు హెన్రీ.

దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాగే లెన్సుతో ఆమెకు తీయడానికి ఏముంది? డాబా మీద నిలబడితే చుట్టూ నీళ్ల ట్యాంకులు, ఫ్యాక్టరీ రేకులు, పైన చంద్రుడు. చంద్రుణ్ణి తీసింది.

మొదటి ఫొటోలో చంద్రుడు ఉడకబెట్టిన గుడ్డులా వచ్చాడు. తెల్లగా, మొహం లేకుండా. హెన్రీ చూసి నవ్వలేదు. పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు. "చీకట్ల కనవడ్తడు గని ఆయన ఎండల ఉన్న రాయి చెల్లె. ఎండల మనిషిని దీసినట్టే తియ్యాలె." ఆ మాట ఆమె మనసులో అలాగే ఉండిపోయింది. అంత మంచి మాట చెప్పిన మనిషి తనకు చెడు చేస్తాడని ఆమె కలలో కూడా అనుకోలేదు.

మిగతావన్నీ ఆమె ఒక్కతే కనిపెట్టింది. కింద లారీ పోతే మేడ వణుకుతుంది. మేడ వణికితే తోపు వణుకుతుంది, చంద్రుడు చెరిగిపోతాడు. కూడలిలో సిగ్నల్ ఎర్రగా పడ్డాక కాసేపు రోడ్డు ఖాళీగా ఉంటుంది, ఆ కాసేపట్లోనే తియ్యాలి. వేలితో నొక్కితే ఆ నొక్కుడుకే కదులుతుంది కాబట్టి కెమెరాలో టైమరు పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, ఊపిరి బిగపట్టి నిలబడాలి. స్టాండు కదలకుండా దాని కాళ్ల మధ్య బరువుకు నీళ్ల క్యాను వేలాడదీయాలి. ఎండాకాలం డాబా పగలంతా కాగి సాయంత్రం సెగలు కక్కుతుంది. ఆ సెగలో చంద్రుడు చెరువు నీళ్లలో ఉన్నట్టు ఊగుతాడు. అందుకని ఎలిజబెత్ బకెట్‌తో నీళ్లు తెచ్చి డాబా అంతా చల్లేది. "పెండ్లికి కల్లాపి జల్లినట్టు జల్లిపిస్తున్నవ్ గదనే. పెండ్లికొడుకేమో ఆకాశంల ఉండె" అని తల్లి ఎగతాళి చేసేది. గాలి కొడితే స్టాండుకు అడ్డంగా పెద్ద నల్ల గొడుగు పట్టుకుని నిలబడేది కూడా ఆమే.

ఇంకొకటి కూడా జెన్నిఫర్ కనిపెట్టింది. పున్నమి చంద్రుడు ఫొటోకు పనికిరాడు. వెలుగు నేరుగా పడితే గుంటలకు నీడలుండవు, అంతా చదునుగా కనిపిస్తుంది. పెరిగే పక్షంలో సగం చంద్రుడు కావాలి. వెలుగూ చీకటీ కలిసే గీత పొడుగునా ఒక్కో గుంటకు ఒక్కో నీడ పడుతుంది. జొన్నరొట్టె కాలుతున్నప్పుడు లేచే పొంగుల్లా అంచులు లేస్తాయి. ఆ సగం చంద్రుడు పొద్దు గూకేసరికే నడినెత్తి మీద ఉంటాడు. నిద్ర చెడగొట్టుకునే పని కూడా లేదు.

ఈ ఏడాది మార్చి ఇరవై ఐదు, బుధవారం. ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల శ్రమకాలం కాబట్టి హెన్రీ చర్చిలో సాయంత్రం ప్రార్థన కూటానికి పోయాడు. ఎలిజబెత్ నడుము నొప్పని ఆగిపోయింది. జెన్నిఫర్ తోపును నిట్టనిలువుగా పైకెత్తి, చాప వేసుకుని వెల్లకిలా పడుకుని స్క్రీన్‌లో చూస్తోంది. గాలి మొదలైంది. తల్లి గొడుగు తెరిచి అడ్డం నిలబడింది.

"ఎంతసేపే? చెయ్యి గుంజుతున్నది."

"సిగ్నల్ పడనియ్యమ్మా."

సిగ్నల్ పడింది. లారీలు ఆగాయి. ఆరూ యాభై రెండు. కెమెరా 'టిక్' మంది. ఫొటోలో చంద్రుడి చీకటి వైపున, గీత దాటి అవతల, ఎక్కడో ఒక కొండ కొన మీద మాత్రమే ఎండ పడి సూది మొనంత చుక్క వెలుగుతోంది. జెన్నిఫర్ తల్లిని పిలిచి ఆ చుక్క చూపించింది. ఎలిజబెత్ కళ్లద్దాలు సవరించుకుని చాలాసేపు చూసింది.

"ఆడ తెల్లారుతున్నట్టున్నది" అంది.

నోటు పుస్తకంలో జెన్నిఫర్ తేదీ, టైము రాసుకుంది. ఫొటోను స్టూడియో కంప్యూటర్‌లో వేసి, దానికి 'తెల్లారుతున్నట్టు' అని పేరు పెట్టింది. హెన్రీ మర్నాడు చూసి ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. ఆ చేతి బరువు ఆమెకు నాలుగు రోజులు గుర్తుంది.

మే నెల మొదటి ఆదివారం ఆరాధనలో, పాటల మాటలు చూపించే తెర మీద ఉన్నట్టుండి ఆ చంద్రుడు వెలిగాడు. ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్న జెన్నిఫర్ గుండె ఒక్కసారి ఎగిరింది. 'అన్న చెప్పకుండా పెట్టించిండు' అనుకుంది. ఎదురుగా ఉన్న అందరి తలలూ ఇటు తిరుగుతాయని భయపడి కొంగు సర్దుకుంది.

పాస్టరు అన్నాడు, "మన హెన్రీ తీసిన ఈ ఫొటో ఉప్పల్‌లో ఫొటోగ్రాఫర్ల సంఘం ఎగ్జిబిషన్‌కు ఎంపికయింది. ప్రభువుకు స్తోత్రం. హెన్రీ, వచ్చి దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పు."

హెన్రీ మైకు అందుకున్నాడు. "ఈస్టరు పొద్దుగాల సమాధుల తోటల మా నాయిన సమాధి మీద క్యాండిల్ ముట్టించిన. తల ఎత్తి సూస్తె చంద్రుడు. నాతోని ఎవరో మాట్లాడినట్టు అయింది. ఉరికొచ్చి కెమెరా దీసిన. చీకట్లకెళ్లి ఒక చుక్క వెల్గుతున్నది సూడున్రి. తెల్లారుతున్నట్టు లేదా?"

తెల్లారుతున్నట్టు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసినవాళ్లు ఆ హాలులో ఇద్దరే. ఒకరు జెన్నిఫర్. రెండోవారు ఆమె పక్కనే ఉన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. జెన్నిఫర్ పక్కకు చూసింది. ఎలిజబెత్ కూడా కొడుతోంది. చప్పుడు రాకుండా కొడుతోంది, కానీ కొడుతోంది.

సోమవారం షాపు షట్టరు ఎత్తగానే జెన్నిఫర్ అడిగింది. ఏడేళ్లలో ఆ షాపులో ఆమె తనంతట తాను ఒక మాట మొదలుపెట్టడం అదే మొదలు.

"అన్నా, గా ఫొటో నేను దీసింది."

"కాదన్నది ఎవరు? షాపుల దీసినవన్ని షాపు పేరు మీదనే పోతయ్ చెల్లె. మొన్న రామంతపూర్ పెండ్లిల నువ్వు దీసినయ్ ఎవరి పేరు మీద పోయినయ్? అప్పుడు అడిగినవా?"

"అది పెండ్లన్నా. చంద్రుని ఫొటోకు ఎవరు ఆర్డర్ ఇయ్యలే."

హెన్రీ నవ్వాడు. "మాటలొస్తయ్ గదా నీకు!"

"మరి ఈస్టరు పొద్దుగాల అని ఎందుకన్నవ్?"

"సాక్ష్యమంటె జర గట్లుండాలె. బుధవారం సాయంత్రం డాబా మీద చాపేసుకొని తీసిన్రు అంటె ఎవరన్న చప్పట్లు గొడ్తరా?"

పాస్‌పోర్టు ఫొటోకు ఎవరో వచ్చారు. ఆమె లైటు వెయ్యడానికి లేచింది. చెప్పాల్సిన మాట ఒకటి లోపలే ఉండిపోయింది. ఈస్టరు ఎప్పుడూ పున్నమి దాటాక వచ్చే ఆదివారమే. ఏటా సమాధుల తోటలో ఆమె చూస్తూనే ఉంది, ఆ తెల్లవారుజామున చంద్రుడు పడమట వైపు, ఒక పక్క అరిగి ఉంటాడు. పెరిగే సగం చంద్రుడు ఈస్టరు పొద్దున ఆకాశంలో ఉండే వీలే లేదు. చిన్నప్పటి నుంచీ అక్కడ క్యాండిల్ వెలిగిస్తున్న హెన్రీ ఒక్కసారి కూడా తల ఎత్తి చూసి ఉండడు. ఆ తప్పును ఎవరైనా పట్టుకుంటారని ఆమెలో చిన్న ఆశ మిగిలింది.

ఆ సాయంత్రం తల్లిని అడిగింది. "ఫొటో దీసినప్పుడు నువ్వు ఆడనే ఉంటివి గదమ్మా."

ఎలిజబెత్ బియ్యంలో రాళ్లు ఏరుతూ తల ఎత్తలేదు. "ఉంటె? మన నెత్తి మీద రేకులు ఎవరియి? పేరు తిని బతుకుతమా? ఊకో బిడ్డా."

ఎగ్జిబిషన్ ఉప్పల్‌లో, మెట్రో స్టేషన్ దగ్గరి ఒక ఫంక్షన్ హాలులో. తెల్ల గుడ్డ కట్టిన చెక్కలకు ఫొటోలు తగిలించారు. చంద్రుడు సరిగ్గా మధ్యన ఉన్నాడు. కింద అట్టముక్క మీద 'ఈస్టర్ ఉదయం. ఫొటో: హెన్రీ' అని ఉంది. హెన్రీ కొత్త కోటు వేసుకున్నాడు. కుటుంబమంతా ఉండాలని ఎలిజబెత్‌నూ జెన్నిఫర్‌నూ ఆటోలో తీసుకొచ్చాడు.

బహుమతులు నిర్ణయించడానికి వచ్చిన ముగ్గురిలో శారద మేడమ్ ఒకరు. సైన్సు ఉద్యోగం చేసి రిటైరై హబ్సిగూడలో ఉంటున్నారు. ఆమె చంద్రుడి ముందు ఆగి, అద్దాలు నొసటి మీదికి నెట్టి, ముక్కు తగిలేంత దగ్గరగా చూశారు.

"అద్భుతంగా ఉందండీ. కానీ ఈస్టర్ ఉదయం అంటున్నారు, ఇది శుక్ల పక్షం అష్టమి చంద్రుడు. తెల్లవారుజామున ఉండడే! వివరాలు తప్పయితే ఫొటోను పోటీ నుంచి తప్పించాల్సి వస్తుంది."

హెన్రీ ముఖం మీది నవ్వు అలాగే ఉంది, కింద రంగు మాత్రం పోయింది. చుట్టూ చూశాడు. అతని చూపు జెన్నిఫర్ మీద ఆగింది. "మా చెల్లె అన్ని రాసి పెడ్తది మేడం. జెన్నీ, డేటు ఎంతనే?"

తప్పు చెప్పొచ్చు. తెలియదనొచ్చు. కానీ ఆ చంద్రుడి విషయంలో అబద్ధం ఆమెకు నోట పలకదు.

"మార్చి ఇరవై ఐదు. సాయంత్రం ఆరూ యాభై రెండు."

"ఆఁ, సరిపోయింది!" అని శారద మేడమ్ ఆమె వైపు తిరిగారు. "నీకెలా తెలుసమ్మా? తీసింది నువ్వేనా?"

ఆ ప్రశ్న కోసం ఆమె ఎన్ని రోజుల నుంచి ఎదురుచూస్తోందో! తీరా వచ్చేసరికి ముందు తల ఊపింది. "నేనే మేడం" అంది, తనకే వినిపించనంత మెల్లగా. అయినా మేడమ్ విన్నారు. హెన్రీ వైపు చూశారు.

హెన్రీ నోరు తెరిచే లోపలే ఎలిజబెత్ ముందుకు వచ్చింది.

"అన్న అంత సెట్ జేసి ఇస్తె బటన్ ఒత్తింది మేడం. నేను ఆడనే ఉన్న. పోరికి ఫొటోలంటె పిచ్చి, అన్ని నేనే అంటది."

అని కూతురు వీపు మీద చెయ్యి వేసి చిన్నగా నిమిరింది. శారద మేడమ్ ఒక క్షణం ముగ్గురినీ మార్చి మార్చి చూశారు. వెనక నుంచి ఎవరో పిలిచారు. "సరే, అట్టముక్క మీద తేదీ మార్చి పెట్టండి. అప్పుడు ఇబ్బంది లేదు" అని ముందుకు నడిచారు.

హెన్రీ గట్టిగా ఊపిరి వదిలాడు. "బతికించినవ్ చెల్లె" అన్నాడు. నిజంగానే అన్నాడు, ఎగతాళిగా కాదు. బల్ల మీది నుంచి తెల్ల అట్టముక్క, స్కెచ్ పెన్ను తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "నీ రాత మంచిగుంటది. నువ్వే రాయి. పేరు గట్లనే ఉంచు" అని, ఎవరో ఫొటో దిగుదాం రమ్మంటే కోటు సవరించుకుంటూ వెళ్లాడు.

జెన్నిఫర్ అట్టముక్కను గోడకు ఆనించి రాసింది. ఆమె చెప్పిన నిజం అతని అబద్ధానికి ఉన్న ఒక్క చిరుగునూ కుట్టేసింది. ఇక దాన్ని ఎవరూ పట్టుకోలేరు. అక్షరాలు మాత్రం వంకర పోకుండా, ఒక్కొక్కటే దిద్దింది.

'నాచారం, డాబా మీద నుంచి. మార్చి 25, సాయంత్రం 6.52. ఫొటో: హెన్రీ.'

పెన్ను మూత పెట్టబోయి ఆగింది. కింద ఇంకా ఒక వరుస పట్టేంత చోటుంది. రాసింది.

'గాలికి గొడుగు పట్టింది: ఎలిజబెత్.'

పాత అట్టముక్క తీసేసి కొత్తది అతికించింది. అంచులు బొటనవేలితో ఒత్తింది. ఎలిజబెత్ దగ్గరికి వచ్చి, బైబిలు చదివేటప్పటిలా వేలు పెట్టి ఒక్కో మాటా చదివింది. చివరి వరుస దగ్గర వేలు ఆగిపోయింది.

"నా పేరెందుకు రాసినవే?"

"నువ్వు ఆడనే ఉన్ననంటివి గదమ్మా."

ఎలిజబెత్ వేలు వెనక్కి తీసుకుంది. ఎవరైనా చదివారేమోనని చుట్టూ చూసింది.