ప్రయోగశాల కొబ్బరినీళ్ళు, నా నడుము కొలత

కొబ్బరినీళ్ళు తాగి ఉద్యోగం పోగొట్టుకోబోయిన మనిషిని ఎక్కడైనా చూశారా? లేకపోతే ఇటు చూడండి.

మా తాతలు చెరకు కూలీలుగా వచ్చి స్థిరపడ్డ ఈ దీవికింకా స్వాతంత్ర్యం రాలేదు. మోకా ఊరి దగ్గర చెరకు పరిశోధన చేసే చోట కొత్తగా పనిలో చేరాను. పని ఖాయమవడం, మేమంతా ఫ్రెంచి మర్యాదకు 'మిస్యే' అని పిలిచే మా దొర చేతిలో ఉంది. సింహాద్రి అప్పన్నకు మొక్కుకుని, ఏకాదశినాడు కొబ్బరినీళ్ళు తప్ప ఏమీ ముట్టనని అమ్మకు మాటిచ్చాను.

ఆ ఏకాదశి మధ్యాహ్నానికి ప్రయోగశాలలో కళ్ళు తిరిగాయి. ఎదురుగా బల్లమీద సీసాడు కొబ్బరినీళ్ళు! పొద్దున నేనే కాయలు కొట్టి వడకట్టినవి. ఉపవాసానికి ఇంతకన్నా శాస్త్రోక్తమైనది ఏముంటుంది, మీరే చెప్పండి? గటగటా తాగేసి, కుళాయినీళ్ళలో పంచదార కలిపి సీసా నింపేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మర్నాడు, గాజుసామాను కడిగే గోపాల్ భాయ్‌ని అడిగాను.

"భాయ్, ఆ కొబ్బరినీళ్ళు దేనికి?"

"చెరకు కణాలకు మేత. అందులో హార్మోన్ ఉందిట. అది తగిలితే కణం రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. ఇక ఆగదు."

"మనిషి తాగితే?"

"ఆయో! ఎవడు తాగుతాడు?"

ఆ సాయంత్రం నుంచి దారంతో నడుము కొలుచుకోవడం మొదలుపెట్టాను. వారానికి వేలెడు పెరుగుతోంది! కొడుకు ఉపవాసం చేశాడన్న సంబరంతో అమ్మ రోజూ గారెలు, పాయసం పెడుతోందన్న సంగతి ఈ శాస్త్రజ్ఞుడికి తట్టలేదు. పైగా బలం కోసమని రెండు గారెలు ఎక్కువే లాగించేవాణ్ణి.

మూడో వారం భయం పట్టలేక దొర గదిలోకి వెళ్ళి దారం చూపించాను.

"మిస్యే, కాపాడండి. ఆగడంలేదు."

"ఏమిటి ఆగనిది?"

"నా కణాలు. మీ కొబ్బరినీళ్ళు తాగేశాను."

ఆయన పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. "పిచ్చివాడా, ఈ దీవిలో కొబ్బరినీళ్ళు తాగనివాడెవడు? నీకేమీ కాదు, పో."

ప్రాణం లేచొచ్చింది. తలుపు దాటబోతుండగా, "ఆగు" అన్నారు. గొంతులో నవ్వు లేదు.

"మూడు వారాలుగా నా చెరకు కణం ఒక్కటీ పెరగలేదు. ఆ రకమే పనికిరాదని నివేదిక రాశాను, సంతకమే మిగిలింది. ఆ సీసాలో ఏం పోశావు?"

"పంచదార నీళ్ళు, మిస్యే."

ఆయన నివేదికను నిలువునా చింపారు. సంతకానికి ముందే నోరు విప్పినందుకు పని ఖాయం చేశారు, ఒక్క షరతు మీద. నేను కాయలు కొట్టినప్పుడల్లా గోపాల్ భాయ్ ఎదురుగా కూర్చుని నా గుటకలు కనిపెట్టాలి. పదేళ్ళు కనిపెట్టాడు మహానుభావుడు.

అప్పన్న సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ప్రయోగశాలలో చుక్క ముట్టను. ఒకవేళ ముట్టినా, నడుము కొలుచుకునే ముందు అమ్మ వంటింట్లోకి తొంగిచూస్తాను.