ట్యాగు లేని ఆల్బమ్

మన దగ్గర డీజే పాటలో పాట కంటే పేరే ఎక్కువ వినబడుతుంది. రెండు లైన్లు నడవకముందే ఒక ఆడగొంతు వచ్చి "డీజే ఫలానా, ఫలానా ఊరు" అని చెప్పి పోతుంది. అర నిమిషం తిరగకుండా మళ్ళీ వస్తుంది. దాన్ని ఆ పనిలో ఉన్నవాళ్ళు ట్యాగు అంటారు. బోనాలకైనా, పెళ్ళి బరాత్‌కైనా, వినాయకుడి నిమజ్జనానికైనా అదే తంతు. వినేవాడికి చిరాకే, కాదనను. కానీ పొలానికి గట్టు ఎట్లాగో పాటకు ట్యాగు అట్లా. గట్టు లేని చెక్కను పక్కవాడు దున్నుకుంటే వాణ్ని తిట్టి ఏం లాభం? ఈ సంగతి నార్కట్‌పల్లి చుట్టుపక్కల డీజే పని చేసే ప్రతివాడికీ తెలుసు. విజేందర్‌కు అందరికంటే బాగా తెలుసు. తెలిసి తెలిసి చేశాడు, అదే నా కోపం.

విజేందర్‌ది హైవే నుంచి నాలుగు కిలోమీటర్లు లోపలికి పోతే వచ్చే చిన్న ఊరు. నార్కట్‌పల్లిలో బస్సులు ఆగే చోట ఒక మొబైల్ షాపులో పని. చార్జర్లు అమ్మాలి, ఫోన్లకు అద్దాలు అతికించాలి, అన్నిటికంటే ముఖ్యంగా ఫోన్లలో, పెన్‌డ్రైవుల్లో పాటలు ఎక్కించాలి. నల్లగొండ నుంచి భువనగిరి దాకా తిరిగే సౌండ్‌బాక్సుల బండ్లన్నీ పెళ్ళిళ్ళ సీజన్‌లో ఆ షాపు ముందు ఆగేవి.

తండ్రి జానయ్య డప్పు కొట్టేవాడు. ఊరికి నలభై ఏళ్ళు చాటింపు వేశాడు. రేషన్ బియ్యం వచ్చాయని, గ్రామసభ ఉందని, ఫలానా వాళ్ళ బర్రె తప్పిపోయిందని వాడవాడా తిరిగి చెప్పాడు. ఊళ్ళో అందరి పేర్లూ ఆయన నోటి మీదుగా తిరిగాయి. ఆయన పేరు మాత్రం ఎవరి నోట్లోనూ పడలేదు. పెళ్ళికైనా, చావుకైనా "డప్పోన్ని పిలువుండ్రి" అనేవాళ్ళు. అదే పేరు. ఆఖరికి పంచాయతీ ఆఫీసుకు మైకు వచ్చాక ఆ పిలుపు కూడా పోయింది.

రాష్ట్రం వచ్చి రెండు మూడేళ్ళయిందేమో, ఫోన్లో నెట్ చవకై ఊరందరూ వీడియోలు చూస్తున్న రోజులు. ఒక మధ్యాహ్నం షాపులో అన్నం తింటూ విజేందర్ మొదటిసారి టెక్నో విన్నాడు. పాట లేదు, మాట లేదు. ఒకటే దెబ్బ, నడిచినంతసేపూ నడుస్తూనే ఉంది. ఎవరో తెల్లవాడు, ఎక్కడో చీకటి హాల్లో. విజేందర్ చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది. పాడె ముందు నడుస్తూ తన తండ్రి కొట్టే దెబ్బకు, దీనికి తేడా ఏముంది?

అక్కడి నుంచి పిచ్చి పట్టింది. కొత్త ఆల్బమ్ ఏది వచ్చినా వినాల్సిందే. తెగి తెగి గంతులు వేసే ఎలక్ట్రో విన్నాడు. దెబ్బే లేకుండా, ఎండ ముదిరిన మధ్యాహ్నం రోడ్డు మీద గాలి కదిలినట్టు సాగే సింథ్, అంటే ఎలక్ట్రానిక్ కీబోర్డు సంగీతం విన్నాడు. వాటిలో అతనికి అన్నిటికంటే నచ్చిందేమిటో తెలుసా? నడుమ ఎవడూ పేరు అరవకపోవడం. పేరు అట్ట మీద ఉంటుంది, లోపల సంగీతమే ఉంటుంది. ఆ మర్యాద చూసి మురిసిపోయాడు వెర్రివాడు. అట్ట మీద చదివే దేశం వేరు, చెవితో వినే దేశం వేరు అని తోచలేదు.

రెండేళ్ళు కూర్చుని తనూ ఒక ఆల్బమ్ చేశాడు. పాత లాప్‌టాప్, చెవులకు పెట్టుకునే ఒక మంచి హెడ్‌ఫోన్, అంతే సరంజామా. ఏడు ముక్కలు. మూడు టెక్నో, మూడు ఎలక్ట్రో, చివరిది తొమ్మిది నిమిషాల సింథ్. బోరుమోటారు రొద, జంక్షన్‌లో లారీలు ఆగేటప్పుడు వదిలే గాలి, తల్లి బిక్షమ్మ వెళ్ళే చర్చిలో మూలపడ్డ హార్మోనియం, అన్నిటినీ ఫోన్లో పట్టుకొచ్చి కరిగించి అందులో పోశాడు. అన్నీ కుదిరాయి, ఒక్కటి తప్ప. కంప్యూటర్‌లో చేసిన డప్పు డప్పులా లేదు.

అప్పటికే జానయ్య కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. నల్లగొండ దవాఖానలో నరం దెబ్బతిన్నదన్నారు, చెయ్యి రానురాను పడిపోతుందన్నారు. పడిపోకముందే పట్టుకోవాలని విజేందర్ ఒక ఆదివారం తండ్రిని ఊరి బయట మూతబడ్డ కోళ్ళఫారం షెడ్డుకు తీసుకుపోయాడు. గడ్డి అంటించి డప్పు కాచారు.

"ఎంతసేపు కొట్టాల్రా?" అన్నాడు జానయ్య.

"నీకు శాతనైనంతసేపు కొట్టు నాయినా."

"దీంట్ల నా పేరు వస్తదా?"

"ఎందుకు రాదు? మొత్తం ఆల్బమ్‌కే జానయ్య అని పెడుతున్న."

"చెప్తరా మరి, నలుగురికి ఇనబడేటట్టు?"

విజేందర్ నవ్వాడు. "గట్ల ఒర్రరు నాయినా ఇండ్ల. రాసి ఉంటది."

"రాస్తే నాకేమెర్క," అని గొణిగాడు జానయ్య. ఆయనకు చదువు రాదు. ఆ మాట కొడుకు చెవిలో పడింది కానీ లోపలికి పోలేదు.

కొట్టాడు. పదకొండు నిమిషాలు కొట్టాడు. నాలుగో నిమిషం దాటాక కుడిచేతి సిర్ర, ఆ పొట్టి కర్ర, వేళ్ళ సందున జారింది. ఒక దెబ్బ పోయింది. ఎడమచేతి సన్నపుల్లతో రెండు చిన్న దెబ్బలు టకటకా వేసి జానయ్య మళ్ళీ దారిలో పడ్డాడు. కొట్టడం అయ్యాక "అగో, గక్కడ జారింది, అది తీసెయ్" అన్నాడు. విజేందర్ తీయలేదు. ఆరో ముక్కకు ఆ జారుడే ప్రాణమైంది. మిషన్ తప్పు చేయదు, చేసినా అంత అందంగా సర్దుకోదు. ఆ తరువాత రెండు నెలలకే జానయ్య చెయ్యి నిజంగానే పడిపోయింది, అన్నం కూడా ఎడమచేత్తోనే.

ఇప్పుడు రాకేష్ సంగతి చెప్పాలి. భువనగిరివాడు, ఎనిమిది బాక్సుల బండి ఉంది, మంచి మాటకారి. నల్లగొండ వైపు ఒక పెళ్ళికి పోతూ పాటల కోసం షాపులో ఆగాడు. విజేందర్ కంప్యూటర్‌లో ఆ ఆరో ముక్క నడుస్తోంది.

"ఇదేందన్నా, పక్కల బొక్కలు కదులుతున్నయ్. ఎవరిది?"

"నాదే. డప్పు మా నాయినది."

"ఒక్కసారి నా బాక్సులల్ల ఇందాం అన్నా. గీ బుడ్డ స్పీకర్‌ల ఏం తెలుస్తది?"

రెండేళ్ళుగా ఆ సంగీతాన్ని ఒక్కడూ పూర్తిగా విన్న పాపాన పోలేదు. షాపు ఓనరైతే "గిది పాటనా, బోరు ఖరాబైందా?" అనేవాడు. అలాంటిది ఒకడు వచ్చి ఎముకలు కదులుతున్నాయంటే మనిషి కరిగిపోడా? విజేందర్ దగ్గర ఆ ముక్కవి రెండు ఫైళ్ళు ఉన్నాయి. ఒకదాంట్లో, పేరు లేని పాట షాపులో ఉంచొద్దన్న ఓనరు పోరు పడలేక "జానయ్య డప్పు, విజేందర్ నార్కట్‌పల్లి" అని ట్యాగు పెట్టాడు. ఇంకోటి ఉత్తది. మౌస్ రెండింటి మధ్యా ఒక క్షణం ఆగింది. మొదటిసారి పెద్ద బాక్సుల్లో మోగబోతోంది, నడుమ ఆ అరుపేమిటి అసహ్యంగా అనుకున్నాడు. ఉత్తదే ఎక్కించాడు. ట్యాగు ఉన్నదాన్ని, ఇంక దీంతో పనేముందని, అక్కడికక్కడే డిలీట్ కొట్టాడు.

మూడు నెలలు గడిచాయి. ఒక ట్రాక్టర్ డ్రైవర్ షాపుకొచ్చి ఫోన్ చేతిలో పెట్టాడు. "అన్నా, భువనగిరి రాకేష్ డప్పు మిక్స్ ఎక్కియ్. గదే, నడుమ జారుతది సూడు, గది." విజేందర్ నెట్‌లో వెతికితే దొరికింది. లక్షల మంది విన్నారు. జానయ్య సిర్ర జారే ముందు సరిగ్గా ఒక ఆడగొంతు వచ్చి "డీజే రాకేష్, భువనగిరి" అంటోంది. ఆ వెంటనే జారుడు, టకటక. కింద కామెంట్లలో ఆ జారుడుకే దండాలు పెడుతున్నారు జనం. షాపులో ఓనరు చూస్తున్నాడు, గిరాకీ ఎదురుగా ఉంది. విజేందర్ ఆ పాటను తన చేత్తోనే ఆ ఫోన్లోకి ఎక్కించాడు. ఆ వారంలో ఇంకో పదిహేను మందికి ఎక్కించాడు. సొమ్మొకడిది సోకొకడిది అని విన్నాం కానీ, సొమ్ము పోయినవాడే సోకు మోసుకుంటూ తిరగడం ఇక్కడే చూశాం.

తన ఆల్బమ్‌ను నెట్‌లో పెట్టబోతే ఆరో ముక్క ఎక్కలేదు. ఇది వేరొకరి పేరు మీద ఉంది, మీరు పెట్టడానికి వీల్లేదు అని వచ్చింది. కాదు, ఇది నాదే అని రాస్తే జవాబు రాలేదు. అప్పుడు బస్సెక్కి భువనగిరి పోయాడు. ఖిల్లా గుట్ట కింద తన బాక్సులు తుడుచుకుంటున్న రాకేష్ ఏమాత్రం తడబడలేదు, కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు.

"తప్పేముందన్నా? పేరు లేదు, నేను పెట్టిన. పేరు లేకుంట తిరిగే పాట ఎవరిదంటవ్?"

"నాదని నీకు చెప్పిన గదా. మా నాయినదని చెప్పిన గదా."

"నాకు చెప్తే ఏమైతది? పాటల చెప్పాలె." రాకేష్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నిజం మాట్లాడుకుందామన్నా. నీ దగ్గర పెట్టుకుంటే అది పెట్టెలనే ఉంటుండె. నేను పదూర్లల్ల మోగిచ్చిన. ఇప్పుడు పేరు మారిస్తే జనం ఒప్పుకోరు. గసొంటియే ఇంకో నాలుగు చెయ్, ఈసారి నీ పేరు గూడ వేస్త, నా పేరు తర్వాత."

విజేందర్ వాడిని కొట్టాలనుకున్నాడు. కొట్టలేదు. వాడన్నదాంట్లో అబద్ధం ఏదో తేల్చుకోలేక తిరుగు బస్సెక్కాడు. నోరున్నోడిదే రాజ్యం అని తల్లి ఊరికే అనదు.

ఇంట్లో ఏమీ చెప్పలేదు. "నా పేరు ఎప్పుడొస్తదిరా?" అని జానయ్య అప్పుడప్పుడు అడుగుతాడు, "వస్తది నాయినా" అని ఇతను అంటాడు. అట్లా ఎంతకాలం దాస్తాడు? ఎండాకాలం పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. ఒక సాయంత్రం విజేందర్ షాపు నుంచి వచ్చేసరికి ఊళ్ళో బరాత్ నడుస్తోంది. ఎవరిదో బండి మీద బాక్సులు, ముందు యువకుల గంతులు. మోగుతున్నది ఆరో ముక్క.

జానయ్య ఇంటి గద్దె మీద నుంచి లేచి, ఎండిన చెయ్యి వేలాడేసుకుని జనంలోకి పోయాడు. కొడుకు దూరం నుంచి చూస్తున్నాడు. పెద్దాయన ముఖం వెలిగిపోతోంది.

"ఇది నా దెబ్బ బిడ్డా. ఇనుండ్రి, ఇప్పుడు సిర్ర జారుతది సూడుండ్రి."

జారింది. అందరూ ఒక్కసారి ఎగిరారు. వెంకటేశ్ అనే యువకుడు నవ్వాడు.

"పేరు చెప్తున్నది గదా తాతా, ఇనబడతలేదా? రాకేష్‌ది అది."

"ఎవడా రాకేష్? కోళ్ళషెడ్డుల నేను కొట్టిన."

"అట్లయితే కొట్టి సూపియ్ మరి."

పెళ్ళివాళ్ళ డప్పు ఒకటి బండి మీద ఉంది. దాన్ని ఎవరో తీసి జానయ్య మెడలో వేశారు, కుడిచేతిలో కర్ర పెట్టారు. వేళ్ళు ముడుచుకోలేదు. కర్ర కింద పడింది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ పడింది. "నిజంగనే జారింది" అన్నాడు ఒకడు. నవ్వులు చెలరేగాయి. అప్పటికి విజేందర్ జనాన్ని తోసుకుని లోపలికి వచ్చాడు.

"అది మా నాయిన దెబ్బనే," అన్నాడు.

వెంకటేశ్ తన ఫోన్ పైకెత్తాడు. "గట్లనా అన్నా? మరి పోయిన నెల రాకేష్ పాట అని నాకు ఎక్కిచ్చింది నువ్వే గదా?"

 విజేందర్ తండ్రి మెడలో నుంచి డప్పు తీసి, చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపించుకొచ్చాడు. దారిలో జానయ్య ఒక్కటే అడిగాడు, "నువ్వే ఎక్కిచ్చినవా?" ఇతను అవునన్నాడు.

ఆ వారమంతా విజేందర్ కంప్యూటర్ ముందే ఉన్నాడు. తను ఏ అరుపునైతే అసహ్యించుకున్నాడో ఆ అరుపే అరిచాడు. పాత చాటింపు పద్ధతిలో, తన గొంతుతో, "ఇనుండ్రయ్యా, ఇది జానయ్య డప్పు, జానయ్య కొట్టిన దెబ్బ" అని ఇరవై సెకన్లకొకసారి పెట్టాడు. జారుడు ముందు ఇంకా గట్టిగా పెట్టాడు. ఆదివారం బిక్షమ్మ చర్చికి పోయాక తండ్రి ముందు స్పీకర్ పెట్టి మోగించాడు.

జానయ్య కదలకుండా విన్నాడు. డెబ్బై ఏళ్ళలో మొదటిసారి, నలుగురికి వినబడేటట్టు, ఆయన పేరు ఆయన చెవిలో పడింది. ఒకసారి కాదు, ఇరవై సార్లు. విజేందర్ తండ్రి ముఖమే చూస్తున్నాడు. అయిపోయాక పెద్దాయన లేచి వాకిలి తలుపు దగ్గరికి వేశాడు.

"బయటికి ఇనబడ్డదా?"

"ఇనబడితే ఏమైతది నాయినా? నీ పేరే గద."

"నా పేరే. దెబ్బ గూడ నాదే, నాకెర్కలేదా? గని ఊరంతా రాకేష్‌ది అంటుండ్రు. ఇప్పుడు నా పేరు పెడితే పరాయోళ్ళ పాట ఎత్కపోయినమంటరు." ఎడమచేత్తో ఎండిన చెయ్యి ఒళ్ళోకి లాక్కున్నాడు. "నలభై ఏండ్లు ఊర్ల చాటింపు ఏసిన. ఒక్కనాడు దొంగ అనిపిచ్చుకోలే. తీసెయ్ బిడ్డా."

"నాయినా..."

"నా కండ్ల ముంగట తీసెయ్."

 విజేందర్ తండ్రి చూస్తుండగా ఆ ఫైలును డిలీట్ కొట్టాడు. తండ్రి పేరును ఆ పాటలోంచి అతను తీసేయడం అది రెండోసారి.