నేను నీళ్లు పోసిన గిన్నె

నేను డిగ్రీ పాసయ్యాను. మా ఇంటి మొత్తానికి ఇదే మొదటి డిగ్రీ. ఉదయం ఫలితం చూడగానే మా బాపు ముక్కలు కొట్టించకుండా నిండు కోడిని తెచ్చాడు. ఆయన దుబాయ్‌లో ఒకరింట్లో వంట చేస్తాడు, సెలవు మీద కోరుట్ల వచ్చాడు. మెట్‌పల్లిలో హోటల్ నడిపే ఒకాయన్ని కూడా భోజనానికి పిలిచాడు. వంట నచ్చితే ఇక్కడే పని, లేకుంటే వచ్చే వారం మళ్లీ విమానం.

కోడికి వెన్న, పుదీనా, కొత్తిమీర, వెల్లుల్లి పట్టించి, మందపాటి గిన్నెలో పెట్టి, మూత మీద నిప్పులు పోసి కాల్చాడు.

"ముక్కలు గొట్టకుంటే ఉప్పెట్ల వడ్తది? షేకు ఇంట్ల గిట్లనే తింటరా?" అంది అమ్మ.

ఎర్రగా కాలిన కోడిని పళ్లెంలోకి తీసి, బాపు అతిథి కోసం బస్టాండుకు వెళ్లాడు. గిన్నె అడుగున మసాలా ముదురు ఎరుపుగా అంటుకుని ఉంది. మాడిన గిన్నెను మా ఇంట్లో వెంటనే నానబెడతాం. నేనూ చెంబెడు నీళ్లు పోశాను.

అతిథితో వచ్చిన బాపు ఆ గిన్నె చూసి ఆగిపోయాడు. "అసలు రుచంత గండ్లనే ఉంటది బిడ్డా. సబ్బు ఏసినవా?"

"లేదు బాపూ, ఒట్టి నీళ్లే." నాకు ఏడుపొచ్చింది.

ఆయన నవ్వాడు. "గట్లయితే నా పనే జేసినవ్. నేను గూడ నీళ్లే వోస్త."

అడుగు గీకుతూ ఆ నీళ్లను చిక్కగా మరిగించి నిమ్మకాయ పిండాడు. హోటలాయన కోడిని ఆ రసంలో అద్దుకుని తింటూ, "సోమారం సంది పనికి అచ్చెయ్యి అన్నా" అన్నాడు. నా ఫలితం కంటే ఆ మాటకే ఎక్కువ సంతోషపడ్డాను.

ఇంకా ఫోన్లు చెయ్యాలి. సిరిసిల్లలో మగ్గాలు నడిపే మామకు, మల్యాల అత్తకు, దుబాయ్‌లో ఉన్న బాపు దోస్తుకు, చివరగా టికెట్ రద్దు చెయ్యమని జగిత్యాల ఏజెంటుకు.