ముందువైపు ఎండ

మా అమ్మాయికి ఆరేళ్ళు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలుపెట్టింది, అత్తగారు ఇండియా నుంచి మా దగ్గరికి వచ్చిన కొన్నాళ్ళకే. వయసుతోపాటు పోతుంది, పిల్లని ఏమీ అనొద్దని డాక్టరు చెప్పింది. తన పిల్లలు మూడో ఏటికే మానేశారన్నారు అత్తగారు. పిల్ల నన్ను అడిగింది ఒక్కటే: తన క్లాసులోనే చదివే పక్కింటి పాపకి తెలియకూడదు. తెలియదని మాటిచ్చాను.

ఆ శనివారం దుప్పటి తీసేసరికి పరుపు మధ్యలో కంచమంత తడి. పాత తువ్వాలు వేసి, మోకాళ్ళతో అదిమి, తేమంతా లాగాను. వాసన పోవడానికి వంటసోడా తెచ్చేలోపు అత్తగారు మైల పోవాలని పసుపునీళ్ళు చల్లేశారు. కంగారులో దానిమీదే సోడా పోశాను. కెమిస్ట్రీ చదివినదాన్ని, సోడా తగిలితే పసుపు ఎర్రబడుతుందని అప్పుడు తట్టలేదు. మరక దిష్టినీళ్ళలా ఎర్రబడింది.

"చూశావా, ఎంత దిష్టి ఉందో పిల్లకి," అన్నారావిడ.

సోడా ఆరాక వ్యాక్యూమ్‌తో లాగేశాను. వాసన తగ్గింది, ఎరుపు పోలేదు. పసుపు మరకకి ఎండే మందు. మెల్‌బోర్న్ చలికాలంలో మా పెరట్లోకి ఎండ రాదు, వచ్చేదల్లా వీధివైపే. గరాజ్‌లో ఫ్యాన్ కింద పెడదామన్నాను, మరక ఉంటే ఉండనీ అని. అత్తగారు కొడుకుని పిలిచి ఒక చెయ్యి వెయ్యమన్నారు. ఆయన నావైపు చూడకుండా వేశారు. మరక వీధికి కనపడేలా పరుపుని ఇంటిముందు లెటర్‌బాక్స్‌కి ఆనించి నిలబెట్టారు.

"నలుగురూ చూస్తేనే సిగ్గొస్తుందమ్మా," అన్నారు అత్తగారు నాతో. తర్వాత పిల్లతో, "రావే, నీ పరుపు పక్కన నిలబడు."

నిలబడింది. నైటీ జేబులో చేతులు పెట్టుకుని అత్తగారు వరండాలో కాపలా కాశారు. అంతలో పక్కింటి పాప స్కూటర్ మీద వచ్చి ఆగి, ఆ ఎర్రదేమిటని ఇంగ్లీషులో అడిగింది. మా అమ్మాయి నన్ను చూసింది.

"దట్స్ మై నానమ్మాస్ బెడ్," అంది పిల్ల, తడబడకుండా. "షీ కాంట్ హోల్డ్ ఇట్."

పక్కింటి పాప వరండావైపు చూసి, పెద్దవాళ్ళలా తల ఊపి వెళ్ళిపోయింది.

"నన్నేదో అంది. ఏమంది?" అత్తగారు అడిగారు.

"అది మీ పరుపని చెప్పిందత్తయ్యా. మీరు ఆపుకోలేరని."

ఆవిడ ఎవరినీ పిలవలేదు. ఎప్పుడూ నడుం నొప్పనే మనిషి ఒక్కతే పరుపుని గడపదాకా ఈడ్చుకొచ్చారు, మరక తనవైపు తిప్పుకుని.

ఇప్పటికీ పక్కింటి పాప ఆవిడ కనపడితే చాలు, స్కూటర్ ఆపి, గట్టిగా, నెమ్మదిగా, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు "హౌ ఆర్ యూ టుడే?" అంటుంది. ఆవిడ లోపలికి వెళ్ళిపోతారు. అది అబద్ధమని నేను ఎవరికీ చెప్పలేదు. పిల్ల నిన్న కూడా పక్క తడిపింది. పరుపు గరాజ్‌లో ఆరుతోంది.