అక్క ఫోను ఏ లైనులో ఉంది

మొన్న గాలివానకు పోయిన కరెంటు చాలాసేపటికి తిరిగి వచ్చి, హాల్లో గోడకున్న రౌటర్ దీపాలు ఒక్కొక్కటిగా వెలుగుతుంటే, నా చూపు దానంతటదే వంటింటివైపు పోయింది. అక్కడ ఎవరూ లేరని తెలిసే పోయింది. మన ఈడువాళ్లు నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, ఆ నల్ల డబ్బా మీదున్న మమకారం నాకు ఈ ఇంట్లో మరే వస్తువు మీదా లేదు.

మా అక్కది పెద్ద గొంతు. చిన్నప్పుడు చెరకుతోట ఈ గట్టున నిలబడి నన్ను పిలిచిందంటే, ఆ గట్టునున్న నేనే కాదు, పక్క పొలంలో నాట్లు వేసే ఆడవాళ్లు కూడా తలెత్తి చూసేవాళ్లు. మహారాష్ట్ర సరిహద్దునున్న డోంగ్లికి కాపురానికి పోయాక ఆ గొంతులో నాలుగు మరాఠీ మాటలు కూడా చేరి ఇంకాస్త పెరిగిందని మా ఆవిడ వేళాకోళం చేసేది. అలాంటి మనిషికి పెద్దతనంలో గొంతులో పుండు లేచి, నిజామాబాద్ దవాఖానలో స్వరపేటికనే తీసేశారు. మాటిమాటికీ చూపించుకోవడానికి డోంగ్లికంటే బాన్సువాడ నయమని నా దగ్గరికి తెచ్చుకున్నాను. మా ఆవిడ పోయిన తర్వాత ఈ ఇంట్లో రెండో పళ్లెం పెట్టడం అప్పుడే.

అక్క కొడుకు మా ఇద్దరి ఫోన్లలో ఒక యాప్ వేసి వెళ్లాడు. అందులో ఇద్దరికీ ఒకటే పేజీ. ఆమె వంటింట్లో కూర్చుని రాసేది హాల్లో నా ఫోనులో అక్షరం వెంట అక్షరం కనబడేది. నెట్ పోయినా ఫరవాలేదు, రెండు ఫోన్లూ ఇంటి రౌటర్‌కు కలిసి ఉంటే చాలన్నాడు. ఇక కూరలో ఉప్పు సంగతి మొదలుకొని మహమ్మద్ నగర్ వియ్యపురాలి మీద చాడీల దాకా అన్నీ ఆ పేజీలోనే. గొంతు పోయినా ఆమె వాగుడు తగ్గలేదని నాకు లోలోపల సంతోషంగా ఉండేది.

ఒక పొద్దున ఆ పేజీ కదలడం మానేసింది. ఆమె ఫోనులో భజనలు మోగుతూనే ఉన్నాయి కనుక నెట్‌లో లోపం లేదు. రౌటర్ ఆపి మళ్లీ వేశాను, బీరువా అడ్డమేమోనని స్టూలెక్కి దాన్ని పైకి జరిపాను, యాప్ తీసేసి మళ్లీ వేశాను. రుద్రూర్ ఆఫీసులో పనిచేసే రోజుల్లో టైపు మిషను మొరాయిస్తే అందరూ నన్నే పిలిచేవాళ్లు. ఆ గర్వమంతా ఆ స్టూలు మీదే దిగిపోయింది. ప్రతిదీ ఫోనులో రాసి తెచ్చి చూపించే ఓపిక లేక, అక్క చప్పట్లు కొట్టి పిలవడం, సైగలు చేయడం మొదలుపెట్టింది. ఆమె నొప్పికి మాత్ర అడిగితే నేను మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను. రాత్రివేళ ఏదన్నా అయితే నాకెలా తెలుస్తుందని భయం పట్టుకుంది.

చివరికి మేనల్లుడికి ఫోను చేస్తే, రెండు ఫోన్లూ ఏ వైఫై పేరుకు కలిసి ఉన్నాయో చదవమన్నాడు. నాది ఇంటి లైను. అక్కది, చుట్టాల కోసం అదే రౌటర్‌లో పెట్టిన గెస్ట్ లైను. అందులో నెట్ వస్తుంది గానీ, ఇంట్లోని మిగతా ఫోన్లతో కలవనివ్వదట. ఎవరు మార్చారని అడిగితే అక్క తల వంచుకుంది. పేజీ ఆగడానికి ముందురోజు తనను చూడవచ్చిన మనుమరాలు గెస్ట్ లైను పెట్టుకుంటూ, ఇది చుట్టాలది, అది ఇంటివాళ్లదని చెప్పిందట. పెళ్లయిన ఆడపిల్ల పుట్టింటి బియ్యం డబ్బా మూత తానుగా తీయకూడదని, నేను కొలిచి ఇచ్చేదాకా ఎసరు పెట్టుకుని కూర్చునే మనిషి, ఆ పిల్ల చేతే తన ఫోను మార్పించుకుంది. తన ఫోనులో రాసి నా ముందు పెట్టింది.

"ఇంటోళ్ల దాంట్ల నేనెందుకు తమ్మీ? నేను అచ్చిపోయేదాన్ని."

నాకు కోపమూ దుఃఖమూ ఒకేసారి వచ్చాయి.

"ఈ ఇంట్ల నువ్వు గాక ఇంకెవరున్నరే అక్కా?" అన్నాను.

ఆమె ఫోను తీసి నా చేతిలో పెట్టింది. ఇంటి లైనుకు కలిపి ఇచ్చాను. ఆమె వంటింట్లోకి పోయిన కాసేపటికి నా ఫోనులో పేజీ కదిలి, అన్నానికి రమ్మని పిలిచింది.

అక్క ప్రాణం పోయేదాకా ఆ లైనులోనే ఉంది. ఇప్పుడు చుట్టాలు వస్తే ఇంకా కూర్చోకముందే గెస్ట్ లైను పాస్‌వర్డ్ అడుగుతారు, మర్యాదగా మాట్లాడతారు, పొద్దు గూకకముందే బస్సుందని లేస్తారు. పూర్వం చేయి పట్టుకుని కూర్చోబెట్టి, ఈ పూటకు ఉండి పొమ్మని బతిమాలేవాళ్లం. ఇప్పుడు అలా అడగడానికి నాకే మొహమాటం. గేటు వేసి వచ్చి చూసుకుంటే, ఇంటి లైనులో నా ఫోను ఒక్కటే ఉంటుంది.