వానలో వదిలేసిన తాత

నాలుగో తరగతి తెలుగు వాచకంలో వాన గురించి ఒక పాఠం ఉండేది. అందులో మొత్తం నూట పన్నెండు మాటలు. నా చిన్నప్పుడు వాటిని మూడుసార్లు లెక్కపెట్టాను కనుక ఈ సంఖ్యలో పొరపాటు లేదు. మా తరగతిలో నాతో కలిపి ఇరవై ఎనిమిది మందిమి. గోడవైపు నుంచి లెక్కిస్తే నాది పదిహేడో స్థానం. ఈ లెక్కలే నన్ను ఉపాధ్యాయురాలిని చేశాయంటే నా విద్యార్థులు నమ్మరు. అందుకే జరిగినది జరిగినట్టు రాసిపెడుతున్నాను.

మా నాన్న రైల్వేలో కీమ్యాన్. పట్టాల వెంట నడుస్తూ, వదులైన కీలను సుత్తితో కొట్టి బిగించడం ఆయన పని. ఒడిశా కొండల్లోని ఒక చిన్న స్టేషన్ నుంచి ఆయనకు కొత్తవలస బదిలీ అయినప్పుడు నాకు తొమ్మిదేళ్లు, తమ్ముడికి ఆరు. ఇంట్లో మేము మాట్లాడుకునేది ఒడియా. మూడు తరగతులూ ఆ భాషలోనే చదివాను. సెలవు రోజుల్లో నాన్న వెనకాలే నడుస్తూ పట్టాల కింది స్లీపర్లు లెక్కపెట్టేదాన్ని. కనబడినదల్లా లెక్కించే ఆ అలవాటు నాతోపాటే కొండ దిగింది.

తమ్ముడిని ఒకటో తరగతిలోనూ నన్ను నాలుగో తరగతిలోనూ చేర్చారు. వాడు క్వార్టర్ల పిల్లలతో గోలీలాడుతూ నెల తిరక్కుండానే ఇక్కడి మాట పట్టేశాడు. నేను పక్కింటి అక్క దగ్గర అక్షరాలూ గుణింతాలూ దిద్దుకుని, కూడబలుక్కుంటూ చదవడం నేర్చాను. అయితే మొదటిసారి నిలబడి చదివిన రోజున నా యాసకు తరగతి అంతా నవ్వింది. ఆ నవ్వుకు కూర్చున్నదాన్ని మళ్లీ నోరు విప్పలేదు. జూలై అలాగే గడిచింది, ఆగస్టూ గడిచింది. పెద్ద మేష్టారు మా నాన్నను పిలిపించారు. దసరా సెలవుల ముందురోజు నేను తన ఎదుట వాన పాఠం మొత్తం చదవాలనీ, చదవలేకపోతే సెలవుల తరువాత ఒకటో తరగతిలో కూర్చోబెడతాననీ చెప్పారు. ఆ సాయంత్రమే తమ్ముడు తన కొత్త తెలుగులో నాకు ధైర్యం చెప్పాడు.

"బెంగెట్టుకోకే అక్కా. నా పక్కన నీకు జాగా అట్టేపెడతన్నాను."

వాడు ప్రేమతోనే అన్నాడు. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం సహించలేదు.

మా తరగతి మేష్టారు సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ రెండు సుద్దముక్కలు కనబడేవి. వినాయక చవితి సెలవు మర్నాడు ఆయన చదివించే తీరు మార్చారు. ఇకమీదట ఎవరూ నిలబడనక్కరలేదు. గోడవైపు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరు ఒక్కొక్క మాట చదవాలి, ఎక్కడా ఆగకూడదు. నేను వెంటనే వేళ్లు ముడిచాను. నూట పన్నెండును ఇరవై ఎనిమిదితో భాగిస్తే నాలుగు. నా వంతుకు వచ్చేవి పదిహేడో మాట, నలభై ఐదు, డెబ్భై మూడు, నూట ఒకటి. ఆ నాలుగింటినీ పెదవుల మీదే నలిపి సిద్ధం చేసుకున్నాను. వరుస నా దాకా వచ్చింది. "మబ్బులు" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి వ్యవధి లేదు, పక్కపిల్ల అప్పటికే తన మాట అనేసింది.

మర్నాడు మేష్టారు కిటికీవైపు నుంచి మొదలుపెట్టారు. నా స్థానం పన్నెండు అయింది. గబగబా మళ్లీ లెక్క కట్టుకుని కొత్తగా నాలుగు మాటలు నేర్చుకున్నాను. మూడో రోజు ఒకరు బడికి రాలేదు, లెక్క మళ్లీ మారింది. ఇంకో రోజు వెనక బల్ల వాళ్లను ముందుకు జరిపారు. నా కర్మ కొద్దీ ఇలా జరుగుతోందనుకుని, ముందు జాగ్రత్తగా నా మాటకు అటు రెండూ ఇటు రెండూ కూడా నేర్చుకోసాగాను.

తరువాతి వారం, పాఠం మూడో చుట్టులో ఉండగా, నాకు ముందు కూర్చున్నవాడిని మేష్టారు సుద్దముక్క తెమ్మని పంపేశారు. నేను చదవవలసిన మాట ఒకటి వెనక్కి జరిగింది. నేను గమనించలేదు. "తాత గొడుగు తీశాడు" అన్నది అక్కడి వాక్యం. నేను చదవవలసింది "తాత", సిద్ధం చేసుకున్నది "గొడుగు". ధీమాగా "గొడుగు" అన్నాను. పక్కపిల్ల అంతే ధీమాగా "తీశాడు" అంది. ఆ తరువాతివాళ్లందరూ తాము దాచుకున్న మాటలు వరుసగా అప్పజెప్పేశారు. అంటే తరగతిలో అందరూ నాలాగే తలలు లెక్కపెడుతున్నారన్నమాట. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది.

మేష్టారు పుస్తకం మూసి మమ్మల్ని తేరిపార చూశారు.

"తాతేడర్రా? ఆ ముసిలోణ్ని వానలో వొగ్గీసినారేటి?"

తరగతి పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. ఆ బడిలో నేను నవ్వడం అదే మొదలు.

ఇంటికి వెళ్లి తీరికగా ఆలోచించాను. ఏ వైపు నుంచి మొదలైనా, ఎవరు రాకపోయినా, ఎవరిని మధ్యలో బయటకు పంపినా తప్పని లెక్క ఒక్కటే కనబడింది. నూట పన్నెండు మాటలూ నేర్చేసుకోవాలి. రోజుకు పది చొప్పున పన్నెండు రోజులు పట్టింది, ఆఖరి రోజుకు రెండే మిగిలాయి.

దసరా సెలవుల ముందురోజు పెద్ద మేష్టారి బల్ల ముందు నిలబడి మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదివాను. తాతను దాటి ముందుకు పోతున్నప్పుడు నవ్వు ఆపుకోవలసి వచ్చింది. ఆయన కళ్లజోడు తీసి, "యాస ఉంటే ఉన్నాది. తప్పు మాత్రం ఒక్కటీ నేదు" అన్నారు. గుమ్మం దగ్గర నిలుచున్న తమ్ముడు బావురుమన్నాడు. వాడు ఎవరినీ కూర్చోనివ్వకుండా ఇన్నాళ్లూ కాపాడిన జాగా వృథా అయిపోయింది.

వరండాలో మా మేష్టారు నన్ను ఆపారు.

"నీ లెక్క తప్పించడానికి నేను రోజూ ఇంటికాడ కూకుని లెక్క కట్టుకొచ్చేవోణ్ణే పిల్లా. రేపట్నించి నాక్కూడా సెలవులే."

నేను ఆయన జేబు వంక చూశాను. సుద్దముక్కలు రెండూ అక్కడే ఉన్నాయి.

ఉపాధ్యాయ శిక్షణలో బోధనా పద్ధతుల గురించి నేను చదివిన పుస్తకాలు పదకొండు. అవన్నీ ఉపయోగపడ్డాయి. అయినా, పిల్లలకు తెలియకుండా వాళ్ల కోసం ఇంటి దగ్గర కూర్చుని లెక్క కట్టుకోవడమన్నది మాత్రం ఆ వరండాలోనే నేర్చుకున్నాను. నా డైరీలో ప్రతి రోజు పేజీకీ ఎడమవైపు అంచు ఆ లెక్కలకే కేటాయించి ఉంటుంది.

ఇప్పుడు నేను గజపతినగరం దగ్గరి బడిలో పని చేస్తున్నాను. ఈ ఏడాది నా తరగతిలో ముప్పై ఒక్కరు. వాళ్లలో ఒక పిల్ల తల్లిదండ్రులు ఇటుకబట్టీ పనికి రాయగడ వైపు నుంచి వచ్చారు. మధ్యాహ్నం అన్నం దగ్గర మేమిద్దరం ఒడియాలో కబుర్లాడుకుంటాం. తరగతిలో మాత్రం ఆ పిల్ల నోరు విప్పదు. నిన్న మాటకొకరి చొప్పున పాఠం చదివిస్తూ ఉండగా, తను బల్ల కింద వేళ్లు ముడుస్తూ ముందున్న తలలు లెక్కపెట్టడం నా కంట పడింది. చూడనట్టే ఊరుకున్నాను. తనకు ముందు కూర్చున్న అమ్మాయిని పిలిచి, ఆఫీసు గదికి వెళ్లి సుద్దముక్క తెమ్మన్నాను.

నా చేతిసంచిలో రెండు ఉన్నాయి.